చేవ్రాలు నిజమైనదేనా? క్రీడాకారుల సంతకాలను పరీక్షించే విధానం

కోవిల్‌పట్టి అనగానే దూరప్రాంతాల వారికి కడలై మిఠాయి గుర్తుకు వస్తుంది. చుట్టుపట్ల పల్లెల వారికి మాత్రం హాకీ గుర్తుకు వస్తుంది. లక్ష్మి అమ్మాళ్ స్మారక అఖిల భారత హాకీ పోటీలకు దేశం నలుమూలల నుండి జట్లు వచ్చిన ఊరు ఇది. 2022లో జకార్తాలో ఆసియా కప్ కాంస్య పతకం గెలిచిన భారత జట్టులో ఆడిన ఎస్. మారీశ్వరన్ ఈ ఊరి బిడ్డే. ఆట ఇంతగా పెనవేసుకొన్న చోట అటకల మీద పాత హాకీ కర్రలు, పెట్టెల అడుగున ఆటోగ్రాఫ్ పుస్తకాలు, గోడల మీద సంతకాలున్న ఛాయాచిత్రాలు ఉండటంలో వింత లేదు.

ఇటువంటి వస్తువుల విషయంలో కుటుంబాలు రెండు విధాలుగా నష్టపోతున్నాయి. ఒకటి, మహా క్రీడాకారుని సంతకమని నమ్మి, కష్టపడి కూడబెట్టిన సొమ్ము నకిలీ వస్తువుకు ధారపోయటం. రెండు, తాతగారు దాచిన అసలు సంతకాన్ని విలువ తెలియక పాత సామాన్ల వానికి తూకానికి ఇచ్చివేయటం. ఈ రెండు నష్టాలకూ మందు ఒక్కటే. సంతకం ఎంత అందంగా ఉన్నదో చూడటానికి ముందు, ఆ వస్తువు మీద ఆ సంతకం ఉండటానికి అసలు అవకాశమున్నదా అని ప్రశ్నించటం నేర్చుకోవాలి.

ముద్దరకాగితం నేర్పే పాఠం

పల్లెల్లో పొలం పత్రాలు చూచే పెద్దలకు ఒక సూక్ష్మం బాగా తెలుసు. పత్రం మీద వ్రాసిన తేదీ ఒకటి, ముద్దరకాగితాన్ని అమ్మిన తేదీ మరొకటి ఉంటాయి. కాగితం అమ్ముడుపోక ముందే దాని మీద పత్రం వ్రాసినట్లుంటే, ఇక సంతకాన్ని పరీక్షించే పనే లేదు, అది కల్పిత పత్రం. క్రీడాస్మారకాల పరీక్షకు కూడా ఇదే తొలిమెట్టు. వస్తువు పుట్టిన కాలం, కలం పుట్టిన కాలం, సంతకం చేసినవాడు జీవించిన కాలం, ఈ మూడూ కలిసి రావాలి.

హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్‌నే తీసుకొందాం. ఆయన 1905 ఆగస్టు 29న జన్మించి, 1979 డిసెంబరు 3న మరణించాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్, 1932లో లాస్ ఏంజెలిస్, 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లలో స్వర్ణపతకాలు గెలిచాడు. ఆయన కాలపు హాకీ కర్రలు చెక్కవి. మన దేశంలో ఎక్కువగా మల్బరీ చెక్కతో చేసేవారు. ఫైబర్, కార్బన్ కలిపి చేసే కర్రలు పెద్ద పోటీలలోకి వచ్చింది 1990ల తరువాతే. కాబట్టి అటువంటి కర్ర మీద ధ్యాన్‌చంద్ సంతకమని ఎవరైనా చూపితే, అక్షరాల వంపులు పరీక్షించనవసరం లేదు. కర్ర పుట్టేనాటికి ఆ మహానుభావుడు లేడు.

ధ్యాన్‌చంద్ ఆత్మకథ 'గోల్' 1952లో మద్రాసు నుండి వెలువడింది. ఆ పుస్తకం మీద 1940 నాటి తేదీతో సంతకం ఉంటే అది అబద్ధం. 1979 తరువాత అచ్చయిన ప్రతి మీద ఉన్నా అబద్ధమే. హోదా కూడా సాక్ష్యం చెబుతుంది. ఆయన సైన్యం నుండి మేజర్ హోదాలో విరమించింది 1956లో. బెర్లిన్ పోటీల నాటికి ఆయన మేజర్ కాడు. '1936, మేజర్ ధ్యాన్‌చంద్' అని వ్రాసి ఉంటే, తరువాతి కాలపు గౌరవనామాన్ని వెనుకటి తేదీకి అంటగట్టారన్నమాట.

జట్టు సంతకాలకు ఇంకొక పరీక్ష ఉన్నది. పేర్లున్న ఆటగాళ్ళందరూ ఒకే జట్టులో ఆడినవారేనా అని చూడాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు నాయకుడు కిషన్‌లాల్. ఆ జట్టులో ధ్యాన్‌చంద్ లేడు. '1948 స్వర్ణపతక జట్టు' అని చెప్పి అమ్మే కర్ర మీద ఆటగాళ్ళ వరుసలో ధ్యాన్‌చంద్ పేరు ఉంటే కథ అక్కడే తెగిపోతుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1983 ప్రపంచ కప్ క్రికెట్ పోటీలు తెల్లని దుస్తులతోనే జరిగాయి. నీలిరంగు చొక్కా చూపి 'ఇది 1983 ఫైనల్‌లో కపిల్‌దేవ్ ధరించినది' అంటే ఆ మాట అసత్యం. కాని ఆ చొక్కా మీది కపిల్‌దేవ్ సంతకం తరువాతి కాలంలో ఆయన చేసినదే కావచ్చు. కథ అబద్ధమైనంత మాత్రాన సంతకం అబద్ధం కానక్కరలేదు. సంతకం నిజమైనంత మాత్రాన అమ్మేవాడు చెప్పే కథ నిజం కానక్కరలేదు. రెండింటినీ విడివిడిగా తూచాలి.

కలం, సిరా, కాగితం

బాల్‌పెన్‌కు బీరో అనే హంగేరీ దేశస్థుడు 1938లో పేటెంటు పొందాడు. అది అంగళ్ళకు వచ్చింది 1940లలో. మెత్తని మొనగల మార్కర్ కలాలు 1960లలో వచ్చాయి. అంతకుముందు సంతకమంటే సిరా కలమే. రాజమహేంద్రవరంలో రత్నం పెన్నులు తయారైన కాలమది. ఈ చిన్న లెక్క ఎన్నో మోసాలను పట్టిస్తుంది. క్రికెట్ వీరుడు రంజిత్‌సింహ్‌జీ 1933 ఏప్రిల్‌లో మరణించాడు. ఆయన సంతకం బాల్‌పెన్‌తో ఉండటం అసంభవం.

బాల్‌పెన్ గీత కాగితంలో సన్నని గాడి చేస్తుంది. వెలుతురును ఏటవాలుగా పడనిస్తే ఆ గాడి కనిపిస్తుంది, వెనుకవైపు వ్రేలితో తడిమితే తగులుతుంది. సిరా కలం గీతకు సాధారణంగా అంత లోతు ఉండదు. దానిలో నొక్కిన చోట రంగు చిక్కగానూ, వేగంగా సాగిన చోట పలుచగానూ ఉంటుంది.

కాగితానికి కూడా వయస్సు చెప్పే గుణం ఉన్నది. నోట్లను పరీక్షించటానికి దుకాణాల్లో వాడే ఊదారంగు దీపం క్రింద చీకటిలో కాగితాన్ని ఉంచాలి. కాగితానికి తెలుపు తెచ్చే మెరుపు రసాయనాలు 1950 ప్రాంతం నుండి వాడుకలోకి వచ్చాయి. ఆ రసాయనమున్న కాగితం నీలికాంతితో మెరుస్తుంది. 1932 నాటిదని చెప్పే కాగితం అలా మెరిస్తే అనుమానించవలసిందే. మెరవనంత మాత్రాన పాతదని రుజువు కాదు, ఈ రసాయనం లేని కాగితాలు ఇప్పటికీ తయారవుతున్నాయి. గుడ్డల విషయంలో ఈ పరీక్ష పనికిరాదు. డిటర్జెంటు పొడితో ఒకసారి ఉతికినా పాత చొక్కా కూడా మెరుస్తుంది.

అచ్చు సంతకమా, చేతి సంతకమా?

శివకాశి అచ్చుయంత్రాల మధ్య బ్రతికే ప్రాంతపు ప్రజలకు ఈ భాగం సులభంగా బోధపడుతుంది. క్యాలెండర్లు, గోడబొమ్మలు, నోటుపుస్తకాల అట్టల మీద కనబడే క్రీడాకారుల సంతకాలు సాధారణంగా అచ్చువే. బ్యాట్ల మీది సంతకాలు కూడా చాలావరకు అంతే. 1930లలో ఇంగ్లండులోని సైక్స్ సంస్థ చేసిన బ్యాట్ల మీద డాన్ బ్రాడ్‌మన్ సంతకం ముద్రవేసి అమ్మారు. ఇందులో మోసమేమీ లేదు, అది సంస్థ గుర్తు వంటిది. దానిని 'బ్రాడ్‌మన్ స్వయంగా చేసిన సంతకం' అని రెండవసారి అమ్మినప్పుడే మోసం మొదలవుతుంది.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంటే చాలు. ఛాయాచిత్రంతో కలిసి ఆఫ్‌సెట్‌లో అచ్చయిన సంతకం భూతద్దం క్రింద రంగు చుక్కలుగా విడిపోతుంది. ఒకే రంగుతో అచ్చయినదైతే చుక్కలు కనిపించకపోవచ్చు. అప్పుడు గీతలు ఒకదానినొకటి దాటే కూడలిని చూడాలి. చేతి సంతకంలో ఆ కూడలి వద్ద సిరా రెండు పొరలై కాస్త చిక్కబడుతుంది. అచ్చులో అంతటా ఒకే నునుపు, ఒకే రంగు. రబ్బరు ముద్రలో సిరా అంచులకు ఒత్తుకొని, గీత మధ్యభాగం పలుచబడి కనిపిస్తుంది.

గీత చెప్పే సంగతి

ప్రగతి పత్రంలో తండ్రి సంతకాన్ని తానే చేసుకొని వచ్చిన పిల్లవానిని పంతులుగారు ఎలా పట్టుకొంటారు? అక్షరాలు తప్పినందున కాదు. చాలాసార్లు పిల్లవాని సంతకం తండ్రి సంతకం కంటె శ్రద్ధగా ఉంటుంది. ఆ శ్రద్ధే అతనిని పట్టిస్తుంది. తండ్రి పొలానికి వెళ్ళే తొందరలో ఒక్క ఊపున గీసి ఇస్తాడు. పిల్లవాడు మాత్రం గీస్తూ ఆగి, చూచి, మళ్ళీ గీస్తాడు.

పత్రాల పరీక్షలో నిపుణులు చూచేది కూడా ఇదే. అమెరికాకు చెందిన ఆల్బర్ట్ ఆస్‌బర్న్ 1910లో ఈ విద్య గురించి వ్రాసిన గ్రంథం నాటి నుండి నేటి వరకు ప్రధాన సూత్రం మారలేదు. అక్షరం ఆకారాన్ని అనుకరించవచ్చు, దాని వేగాన్ని అనుకరించటం కష్టం. అసలు సంతకంలో గీత కలం తాకక ముందే కదలిక మొదలైనట్లు సన్నగా ఆరంభమై, సన్నగా ముగుస్తుంది. నకిలీలో మొదలు, చివర మొద్దుగా ఉంటాయి. గీతలో వణుకు, అనవసరమైన చోట కలం ఎత్తి మళ్ళీ ఆనించిన గుర్తులు, తరువాత దిద్దిన జాడలు కనిపిస్తాయి.

వణుకు ఉన్నదంతా నకిలీ కాదు. ముసలితనం, వ్యాధి కూడా చేతిని వణికిస్తాయి. ముష్టియుద్ధ వీరుడు ముహమ్మద్ అలీ 1964 వరకు కాషియస్ క్లే అన్న పేరుతో సంతకం చేశాడు. 1984లో ఆయనకు పార్కిన్సన్ వ్యాధి ఉన్నదని తేలింది. ఆ తరువాత ఆయన సంతకం క్రమంగా చిన్నదై, అక్షరాలు ముడుచుకొన్నాయి. అందుచేత '2000లో చేసినది' అని చెప్పే అలీ సంతకం 1970ల నాటి దానివలె విశాలంగా, వేగంగా ఉంటేనే సందేహించాలి.

ఇంకొక విచిత్రం కూడా ఉన్నది. ఏ మనిషీ రెండుసార్లు ఒకే సంతకం చేయలేడు. రెండు సంతకాలను ఒకదానిపై ఒకటి పెట్టి వెలుతురుకు చూచినప్పుడు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోతే, ఒకటి మరొకదాని నుండి దిగిన నకలు, లేదా రెండూ ఒకే మూలం నుండి దిగినవి.

జట్టు సంతకాలున్న బ్యాటును చూచేటప్పుడు అన్నీ ఒకే కలంతో ఉన్నాయని తొందరపడరాదు. ఒకే కలం చేతులు మారి ఉండవచ్చు. అన్నీ ఒకే చేతివా అన్నది ప్రశ్న. పది మంది సంతకం చేస్తే వాలు, పరిమాణం, ఒత్తిడి పది రకాలుగా ఉంటాయి. ఒకరి పేరు మరొకరి పేరు మీదికి ఎక్కుతుంది. హాజరుపట్టీ వలె అన్నీ ఒద్దికగా వరుసలో కూర్చొంటే ఆలోచించాలి.

దేనితో పోల్చాలి?

భారతదేశపు తొలి టెస్టు జట్టు నాయకుడు సి.కె. నాయుడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో జన్మించాడు. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో జట్టును నడిపించాడు. 1953-54లో రంజీ పోటీలలోకి కొత్తగా వచ్చిన ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించాడు. 1967లో కన్నుమూశాడు. ఆయన పేరిట వచ్చే సంతకాన్ని చూచేటప్పుడు మొట్టమొదట ఇంగ్లీషు అక్షరాల కూర్పును గమనించాలి. ఆయన తన ఇంటిపేరును ఎన్, ఏ, వై, యు, డి, యు అని వ్రాసేవాడు. వాడుకలో ఎక్కువమంది వై బదులు ఐ వ్రాస్తారు. నాయుడు, నాయకర్, నాయక్కర్ అని ఒకే వంశంలో అన్నదమ్ములే వేర్వేరుగా వ్రాసుకొనే ఈ ప్రాంతంలో ఈ సూక్ష్మం వివరించనవసరం లేదు. ఊరివారు ఎలా వ్రాసినా, తన పేరును తాను ఎలా వ్రాస్తాడో మనిషి మరచిపోడు.

పోల్చటానికి తెచ్చే నమూనా నమ్మదగినదై ఉండాలి. అంతర్జాలంలో అమ్మకానికి పెట్టిన సంతకాల బొమ్మలతో పోల్చటం, ఒక దొంగను మరొక దొంగ చేత సాక్ష్యమిప్పించటం వంటిది. అమ్మకంతో సంబంధం లేని ఉత్తరాలు, ఒప్పందాలు, కార్యాలయ పత్రాల మీది సంతకాలు మేలైన నమూనాలు. అవి కూడా అదే కాలానివై ఉండాలి. 1932 నాటి యువనాయకుని చేతిని 1960ల నాటి వృద్ధుని చేతితో పోల్చితే తప్పు తీర్పు వస్తుంది. ఒక్క నమూనా చాలదు. నాలుగైదు చూచినప్పుడే ఆ చేతి సహజమైన హెచ్చుతగ్గులు తెలుస్తాయి.

ధ్రువపత్రాన్ని ఎంతవరకు నమ్మాలి?

'దీనికి సర్టిఫికెట్ ఉన్నది' అన్న మాటతోనే చాలామంది ప్రశ్నలు ఆపివేస్తారు. అమెరికాలో జరిగిన ఒక ఉదంతం ఇక్కడ తెలుసుకోదగినది. అక్కడి ఎఫ్.బి.ఐ. 1990లలో 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరిట దర్యాప్తు జరిపి, 1999 అక్టోబరులో కాలిఫోర్నియా కేంద్రంగా సాగిన ఒక ముఠాపై దాడులు చేసింది. ఆ ముఠా తయారుచేసిన నకిలీ స్మారకాల విలువ పది కోట్ల డాలర్ల వరకు ఉంటుందని ఎఫ్.బి.ఐ. లెక్కగట్టింది. ముఠాలోని చేయి తిరిగిన రాతగాడు చనిపోయిన వారి సంతకాలనూ, బ్రతికున్న వారి సంతకాలనూ ఒకే తీరుగా దించాడు. చివరకు మదర్ థెరీసా సంతకంతో బేస్‌బాల్ బంతులు కూడా దొరికాయి. ఆ సరకుతో పాటు ధ్రువపత్రాలు కూడా తయారయ్యాయి. సంతకం అబద్ధమాడగలిగినప్పుడు, దాని క్రింది కాగితం కూడా అబద్ధమాడగలదు.

దీని తరువాత 2001లో అమెరికా బేస్‌బాల్ సంఘం కొత్త పద్ధతి ప్రవేశపెట్టింది. సంతకం చేస్తుండగా సంఘం పక్షాన ఒకరు కళ్ళారా చూస్తేనే ఆ వస్తువుకు సంఖ్య గల హోలోగ్రాం అంటిస్తారు. ఎవరు చూచారు, ఎప్పుడు చూచారు అన్నదే అక్కడ ఆధారం.

అందుచేత ధ్రువపత్రాన్ని చూచినప్పుడు ఇచ్చినది ఎవరు, ఏ ఆధారంతో ఇచ్చారు, దానిపై ఉన్న సంఖ్యను ఆ సంస్థ వద్ద నేరుగా సరిచూడవచ్చునా, వస్తువు నకిలీ అని తేలితే డబ్బు తిరిగి ఇస్తామని వ్రాసి ఇస్తారా అని అడగాలి. అమ్మేవాడే ఇచ్చిన పత్రం అతని నోటిమాట కంటె గట్టిది కాదు.

చేతులు మారిన చరిత్ర

అన్నిటికంటె బలమైన సాక్ష్యం వస్తువు ఇంటికి వచ్చిన దారి. తాతగారు ఏ ఊరిలో, ఏ పోటీలో, ఏ సంవత్సరంలో తీసుకొన్నారు? ఆనాటి ఛాయాచిత్రం, రైలు టికెట్టు, పోటీల కరపత్రం, పత్రికలో వచ్చిన వార్త, ఉత్తరం ఏదైనా మిగిలి ఉన్నదా? ఆ క్రీడాకారుడు ఆనాడు ఆ ఊరికి వచ్చినట్లు పత్రికల వల్ల తెలుస్తున్నదా? ఇటువంటి చిన్న కాగితాలను పనికిరానివని పారవేయటం వల్ల అసలు సంతకాలు కూడా అనాథలవుతున్నాయి.

నిజమైన సంతకమంతా ఖరీదైనదని కూడా అనుకోరాదు. బ్రాడ్‌మన్ 2001లో మరణించే వరకు అభిమానుల ఉత్తరాలకు లెక్కలేనన్ని సంతకాలు చేసి పంపాడు. అందుచేత ఆయన సంతకాలలో చాలావాటికి పేరుకు తగిన ధర పలకదు. అరుదైన సంతకానికే ధర, ధర ఉన్నచోటే నకిలీ. మహా పురుషుని అరుదైన సంతకం అతి చవకగా వచ్చిందంటే కొనేవాని అదృష్టం కంటె అమ్మేవాని తెలివే ఎక్కువ అనుకోవాలి.

మోసపోయినవారికి చట్టం

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్, ఫోర్జరీకి 336వ సెక్షన్ వర్తిస్తాయి. వ్యాపారి వద్ద కొన్నవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం క్రింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సలహా కోసం జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 ఉన్నది. అంతర్జాలంలో డబ్బు పంపి మోసపోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయాలి. వివాదం నేర విచారణకు వెళ్ళినప్పుడు దస్తూరీని ప్రభుత్వ నిపుణులు పరీక్షిస్తారు.  ఇవన్నీ కొన్న తరువాతి పాట్లు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్న పెద్దల మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. రసీదు లేకుండా, వస్తువు వివరం వ్రాయించుకోకుండా కొనరాదు.

ఇంట ఉన్నదానిని కాపాడుకొనే తీరు

సంతకం వెలసిపోతున్నదని దాని మీద మళ్ళీ కలంతో దిద్దటం అన్నిటికంటె పెద్ద తప్పు. దిద్దిన మరుక్షణం అసలు సంతకం కూడా నకిలీ లక్షణాలు తెచ్చుకొంటుంది. లామినేషన్ చేయించరాదు, ఆ వేడి, జిగురు కాగితాన్ని పాడుచేస్తాయి, తరువాత పరీక్షకు వీలుండదు. ఎండ తగిలే గోడకు తగిలించరాదు. చెదలు, తేమ చేరని చోట, శుభ్రమైన కాగితంలో చుట్టి ఉంచాలి. పాత కర్రకు వార్నిష్ పూయరాదు.

ఇన్ని పరీక్షల తరువాత కూడా కొన్ని సంతకాలు తేలవు. అప్పుడు 'తేలలేదు' అని ఒప్పుకోవటమే సరైన తీర్పు. అటువంటి దానిని ఇంటి జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు గాని, అమ్మరాదు, అప్పుచేసి కొనరాదు.

నేడు కోవిల్‌పట్టి మైదానం గట్టున నోటుపుస్తకం పట్టుకొని నిలబడే పిల్లలకు ఈ సందేహమే రాకుండా చేయవచ్చు. సంతకం తీసుకొన్న రోజే పుట వెనుకవైపు పెన్సిలుతో తేదీ, ఊరు, పోటీ పేరు, ప్రక్కన ఉన్నవారి పేర్లు వ్రాయించాలి. వీలైతే సంతకం చేస్తుండగా ఒక ఫోటో తీసి ఆ పుస్తకంతోనే దాచాలి. యాభై ఏండ్ల తరువాత ఆ పుస్తకాన్ని తెరిచే మనుమడికి ఏ నిపుణుడి ధ్రువపత్రమూ అక్కరలేదు. ఆ నాలుగు పెన్సిలు పంక్తులే సాక్ష్యమవుతాయి.